ఫైలు పదకొండు

నిమిషానికి తొమ్మిది రూపాయలు.
వాళ్ళు అన్నది అన్నట్టు టైపు చెయ్యాలి.
దగ్గితే బ్రాకెట్లో దగ్గు అని,
నవ్వితే బ్రాకెట్లో నవ్వు అని.
అర్థం కాకపోతే మూడు చుక్కలు.

ఒంగోలు లాయర్‌పేటలో మా అమ్మ కుట్టుమిషను పక్కన కంప్యూటరు,
చెవులకి హెడ్‌ఫోను,
హెడ్‌ఫోన్లో చీమకుర్తి.

ముందు గ్యాంగ్‌సా వినిపిస్తుంది.
బండని పలకలుగా కోసే ఆ మోత కింద
మస్తాన్‌వలి నోరు: డుంకు తక డుంకు,
పెదాలతోనే డోలు, పళ్ళతోనే తాళం.
దాని మీదికి యేసోబు ఎక్కుతాడు.
పాలిషింగు యూనిట్లో రెండో షిఫ్టు,
ర్యాప్‌లో వాడి పేరు పొడి.

రాయిని కోస్తే లోపల బంగారు చుక్కలు
మా నాయన్ని ఎక్సరే తీస్తే లోపలా చుక్కలు
ఆ చుక్కలు ఓడెక్కి పోయినయ్
ఈ చుక్కలు...

ఇక్కడ మూడు చుక్కలు నావి కావు.
వాడే ఆగాడు.
ఆ ఆగడాన్ని ఎట్టా కొట్టాలో
సారిచ్చిన కాగితంలో రాసిలేదు.

సారు మంచివాడే.
హైదరాబాదు నుంచి వచ్చాడు, ఎండలో బండ మీద కూర్చున్నాడు,
కాలుతోందని ఒక్కసారీ అనలేదు.
"బాబూ, మీ కళకి మూలాలు ఎక్కడున్నాయంటావు?"
"మూలాలా సార్? అదిగో, ఆ మూలన,
జనరేటరు పక్కన."
(నవ్వు)
(నవ్వు)
కాసేపాగి సారు కూడా
(నవ్వు)

తర్వాతి ప్రశ్న అమెరికా గురించి.
ఆ తర్వాతిది డప్పు గురించి.
ఒకటి వాణ్ణి సముద్రం దాటించబోతుంది,
ఇంకోటి వాళ్ళ తాత వాకిట్లో దింపబోతుంది.
యేసోబు రెండు చోట్లా దిగడు.
"షిఫ్టుకి టైమైపోతంది సార్" అంటాడు.

ఫైలు ఏడులో సారు మీదే కట్టారు.
ఆయన సంచి మీద, గొడుగు మీద,
ఊఁ అని ఆయన తలాడించే తీరు మీద.
అందులో ఒక మాట ఉంది.
మా వీధిలో ఆ మాటకి తలలు పగిలాయి.
వాళ్ళ నోట్లో అది
భుజమ్మీద చెయ్యేసినట్టుంది.
నాకు స్పష్టంగా వినబడింది.
మూడు చుక్కలు పెట్టాను.
ఎవరి తరఫున పెట్టానో ఇంకా తేల్చుకోలేదు.

చీమకుర్తి ఎంత దూరమని, ఇరవై కిలోమీటర్లు.
ఎన్నడూ దిగలేదు.
కర్నూలు రోడ్డున బస్సు కిటికీలోంచి
తెల్లగా నెరిసిన వేపచెట్లు చూసి
దుమ్మొస్తోందని అద్దం మూశాను, అంతే.
మా వంటింటి గట్టు మాత్రం ఆ రాయే.
చపాతీలు దాని మీదే ఒత్తుతాం.

ఫైలు పదకొండు.
రికార్డరు ఆపడం మరిచిపోయాడు.
లాడ్జి గది. ఫ్యాను కిర్రుమంటోంది.
ఎవరితోనో ఫోన్లో, "తిన్నాను, తిన్నాన్లే."
చాలాసేపు ఏమీ లేదు.
తర్వాత స్టీలు గ్లాసు మీద వేళ్ళు.

డుంకు తక తక. తప్పు.
డుంకు డుంకు. తప్పు.
యాభై దాటిన మనిషి, ఒక్కడే,
తుంపర్లు పడుతుంటే నోరు తుడుచుకుని మళ్ళీ.
మస్తాన్‌వలి ఊపిరి లాగే చోట
ఈయన వదిలేస్తున్నాడు.
అదొక్కటే.
ఇక్కణ్ణించి గట్టిగా చెప్పబోయాను కూడా.

ఏడో సారో ఎనిమిదో సారో
ఒక్క చుట్టు సరిగ్గా పడింది.
ఆయనకి తెలీలేదు.
గ్లాసు పక్కన పెట్టి లైటు తీశాడు.

నాలుగు నిమిషాలు, ముప్పై ఆరు రూపాయలు.
ఆ పేజీ ఖాళీగా పంపాను,
బిల్లులో మాత్రం వేశాను.

రాత్రి పాలు కాగుతుంటే
గట్టు మీద వేళ్ళాడించి చూశాను.
రాయి చల్లగా ఉంది.
నాకూ పడలేదు.